మచ్చికయ్యేది హెడ్‌ఫోనా, చెవియా?

కొత్త చెప్పులు మొదట కరుస్తాయి; నాలుగు రోజులు తిరిగితే పాదానికి అమరుతాయి. కొత్త కోడె కాడికి అలవాటు పడడానికి కొంత కాలం పడుతుంది. వీణకు కొత్త తంత్రులు బిగిస్తే మొదటి కొన్ని దినాలు అవి సాగుతూ, శ్రుతి జారుతూ ఉంటాయి. వాడగా వాడగా వస్తువు కుదుటపడుతుందన్నది లోకానుభవం.

ఈ అనుభవాన్ని ఆధారం చేసుకొనే, ఖరీదైన హెడ్‌ఫోన్లు కొనేవారిలో ఒక నమ్మకం పాతుకొన్నది. పెట్టెలోనుంచి తీసిన హెడ్‌ఫోను వెంటనే తన అసలు గుణాన్ని చూపదట. దానిని నూరు గంటలో, ఇన్నూరు గంటలో మోగించి మచ్చిక చేసిన తరువాతనే మంద్రస్వరాలు నిండుగాను, తారస్వరాలు మృదువుగాను వినిపిస్తాయట. ఇందుకోసం కొందరు హెడ్‌ఫోనును రాత్రింబవళ్లు సొరుగులో ఉంచి, జలపాతపు హోరు వంటి ధ్వనిని దానిచేత పలికిస్తారు కూడా.

కొన్ని వారాల తరువాత ధ్వని మెరుగుపడినట్లు చాలామందికి తోచిన మాట నిజమే. అబద్ధం చెప్పవలసిన అవసరం వారికి లేదు. అయితే ఆ కొన్ని వారాలలో మారినది ఏది? యంత్రమా, విన్నవారి చెవియా? దీనికి సమాధానం తెలియాలంటే హెడ్‌ఫోను ఎట్లా పుట్టి పెరిగిందో, దానిలో కదిలే భాగాలు ఏవో ముందు తెలుసుకోవాలి.

తొలి శ్రవణ యంత్రాలు

హెడ్‌ఫోనుకు తల్లి టెలిఫోను. 1876 మార్చి 10న అలెగ్జాండర్ గ్రహాం బెల్ తన సహాయకుడైన వాట్సన్‌ను తీగ ద్వారా పిలిచాడు. ఆ తరువాత కొద్ది కాలానికే టెలిఫోను వినికిడి భాగం ఒక స్థిరరూపం పొందింది. ఒక అయస్కాంతం, దానిపై చుట్టిన సన్నని తీగ, ఎదురుగా పలుచని ఇనుప రేకు: ఇంతే దాని నిర్మాణం. తీగలో విద్యుత్తు హెచ్చుతగ్గులైనప్పుడు రేకుపై ఆకర్షణ కూడా హెచ్చి తగ్గుతుంది. రేకు అదురుతుంది, గాలి అదురుతుంది, చెవికి మాట వినబడుతుంది.

ఈ సాధనాన్ని రెండు చెవులకూ పెట్టుకొని సంగీతం వినవచ్చునని 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శన లోకానికి చూపింది. క్లెమాఁ ఆదెర్ అనే ఫ్రెంచి ఇంజనీరు అక్కడి ఒపేరా రంగస్థలంపై కొన్ని మైక్రోఫోన్లు అమర్చి, వాటి తీగలను ప్రదర్శనశాల దాకా తెచ్చాడు. సందర్శకులు చెవికొకటి చొప్పున రెండు వినికిడి గొట్టాలు పట్టుకొని విన్నారు. గాయకుడు రంగస్థలంపై ఒక పక్కనుంచి మరొక పక్కకు నడిచినప్పుడు పాట కూడా అట్లే కదిలినట్లు తోచి వారు ఆశ్చర్యపోయారు. ఈనాడు స్టీరియో అనే అనుభవానికి అదే నాంది.

చేతులతో పట్టుకొనే గొట్టాలు తలకు ఎక్కడానికి మరికొంత కాలం పట్టింది. 1891లో ఎర్నెస్ట్ మెర్కాదియే అనే మరొక ఫ్రెంచి ఇంజనీరు, చెవి రంధ్రంలో ఇమిడే చిన్న టెలిఫోనుల జతకు అమెరికాలో పేటెంటు పొందాడు. చెవిని ఒరుసుకోకుండా వాటి కొనలకు రబ్బరు తొడుగు వేశాడు. బయటి శబ్దం లోపలికి రాకుండా కూడా ఆ తొడుగు అడ్డుపడుతుంది. హెడ్‌ఫోను మంచిచెడ్డలు చెవికి అది అమరే తీరును బట్టి ఉంటాయన్న సంగతి అంత తొలినాడే గుర్తింపుకు వచ్చిందన్నమాట. ఈ విషయానికి తిరిగి రావలసి ఉన్నది.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియెల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటయింట్లోనే హెడ్‌ఫోన్లు తయారుచేసేవాడు. 1910లో ఆయన పంపిన జతను పరీక్షించి, అమెరికా నౌకాదళం మరికొన్ని కావాలని కోరింది. ఆయన సాధనంలో ధ్వనిని పుట్టించే పొర అభ్రకంతో చేసినది. 1920 దశకంలో రేడియో ప్రసారాలు మొదలైన తరువాత, స్ఫటికపు రేడియోలతో వినేవారందరికీ హెడ్‌ఫోను తప్పనిసరి అయింది. ఆ రేడియోలలో లౌడ్‌స్పీకరును మోగించగల శక్తి ఉండేది కాదు.

ఇనుప రేకు నుంచి పలుచని పొరకు

ఆనాటి హెడ్‌ఫోన్లలో మాట తెలిసేది కాని, సంగీతంలోని నిండుదనం వచ్చేది కాదు. ఇనుప రేకు బిగువుగా ఉండి కొన్ని స్వరాలకు ఎక్కువగా, కొన్నింటికి తక్కువగా అదిరేది. ఈ లోపాన్ని తీర్చినది కదిలే తీగచుట్ట. ఇందులో అయస్కాంతం ముందు ఇనుప రేకు ఉండదు. తేలికైన పొరకు సన్నని తీగచుట్టను అంటించి, ఆ చుట్టను అయస్కాంతపు సందులో వేలాడదీస్తారు. విద్యుత్తు ప్రవహించగానే చుట్టా పొరా కలిసి కదులుతాయి. ఈ సూత్రంతో జర్మనీలో ఓయిగెన్ బేయర్ స్థాపించిన సంస్థ 1937లో డి.టి. 48 అనే హెడ్‌ఫోనును తెచ్చింది.

ఇండ్లలో సంగీతానికి హెడ్‌ఫోను వాడడం 1958 తరువాత వ్యాపించింది. ఆ సంవత్సరం అమెరికాలోని మిల్వాకీ నగరంలో జాన్ కాస్ అనే ఆయన, ఒక గ్రామఫోను యంత్రంతో పాటు దానికి తగిలించే స్టీరియో హెడ్‌ఫోనును ప్రదర్శించాడు. చూడవచ్చినవారు గ్రామఫోనుకంటె హెడ్‌ఫోనునే ఎక్కువగా మెచ్చుకొన్నారు. 1960లో జపానులోని స్టాక్స్ సంస్థ, తీగచుట్ట లేకుండా స్థిరవిద్యుత్తు ఆకర్షణతోనే పొరను కదిలించే హెడ్‌ఫోనును అమ్మకానికి పెట్టింది. 1968లో జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థ వెనుక భాగం మూయని హెచ్.డి. 414ను తెచ్చింది. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చిన తరువాత హెడ్‌ఫోను వీధిలోకి కూడా వచ్చింది.

ఇన్ని మార్పులలోనూ మారనిది ఒకటే. అదిరే పొర ఏదో ఒకటి ఉండాలి. మచ్చిక వాదానికి కూడా ఆ పొరే మూలం. వాడకంతో పొర అంచులు మెత్తబడి, అది సులువుగా కదులుతుందని వారి తర్కం.

మచ్చిక అనే భావం ఎక్కడిది?

ఈ భావం గాలిలోనుంచి పుట్టలేదు. పూర్వపు మోటారు కార్లకు, స్కూటర్లకు రన్నింగ్-ఇన్ అనే నియమం ఉండేది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు వేగం మించకుండా నడిపితే, ఇంజనులో రాచుకొనే లోహపు భాగాలు ఒకదానికొకటి నునుపుదేరేవి. రేడియో వాల్వులను ఫ్యాక్టరీలోనే కొంతసేపు వెలిగించి, వాటి పనితీరు నిలకడపడిన తరువాతనే అమ్మేవారు. దీపాల కాంతిని కొలిచే ప్రయోగశాలలలో కూడా, ప్రమాణంగా వాడే దీపాన్ని ముందుగా కొన్ని గంటలు వెలిగించి స్థిరపరుస్తారు.

ఎలక్ట్రానిక్ పరిశ్రమలో మరొక అలవాటు కలదు. కొత్త భాగాలను కొంతకాలం వేడిలోను, విద్యుత్తులోను ఉంచి చూస్తారు. దీని ఉద్దేశం వాటిని మెరుగుపరచడం కాదు. ఏదైనా భాగంలో లోపం ఉంటే అది సాధారణంగా తొలి గంటలలోనే బయటపడుతుంది. అట్లా చెడిపోయినవాటిని ఏరివేసి, నిలిచినవాటిని అమ్ముతారు. జల్లెడ పట్టిన బియ్యంలో రాళ్లు తగ్గుతాయి గాని, బియ్యం రుచి పెరగదు. ఈ పద్ధతి పేరు శ్రోతల చెవిన పడి, కాలక్రమంలో మెరుగుదల అనే అర్థం సంపాదించుకొన్నది.

లౌడ్‌స్పీకరు విషయంలో మచ్చిక వాదానికి కొంత గట్టి ఆధారమే ఉన్నది. పెద్ద లౌడ్‌స్పీకరులో కాగితపు శంకువును మధ్యలో పట్టి ఉంచేది జిగురు పట్టించిన ముడతల గుడ్డ. శంకువు మిల్లీమీటర్ల కొద్దీ ముందుకూ వెనుకకూ ఊగినప్పుడు ఆ గుడ్డ గట్టిదనం సడలుతుంది. లౌడ్‌స్పీకరు సహజంగా అదిరే పౌనఃపున్యం, అంటే సెకనుకు అదిరే సంఖ్య, కొంచెం తగ్గుతుంది. ఇది పరికరాలతో కొలవదగిన మార్పు. అయితే దీనిలో అధికభాగం తొలి వాడకంలోనే జరిగిపోతుంది.

పొరలో మార్పెంత?

లౌడ్‌స్పీకరుకు చెప్పినది హెడ్‌ఫోనుకు చెల్లుతుందా? ఇక్కడ కొలతలు గమనించాలి. లౌడ్‌స్పీకరు ఒక గదినిండా ఉన్న గాలిని కదిలించాలి. హెడ్‌ఫోను కదిలించవలసినది చెవిముందున్న గుప్పెడు గాలిని మాత్రమే. అందువల్ల దాని పొర మిల్లీమీటరులో చిన్న భాగం కదిలితే చాలును. సాధారణపు హెడ్‌ఫోనులో జిగురు పట్టించిన గుడ్డ కూడా ఉండదు. పలుచని ప్లాస్టిక్ పొరనే అంచున ముడతలు వచ్చేట్లు అచ్చువేస్తారు. ఆ స్వల్పమైన కదలిక వల్ల పొర స్వభావం చెవికి తెలిసేటంతగా మారుతుందని అనుకోవడం కష్టం.

మార్పు అసలే ఉండదని కూడా చెప్పరాదు. ఏ ప్లాస్టిక్ అయినా వేడికీ, తేమకూ, వాడకానికీ ఎంతో కొంత లొంగుతుంది. కాని ఆ కొంతను మరి రెండు విషయాలతో పోల్చి చూడాలి. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే నమూనాలో చేసిన రెండు హెడ్‌ఫోన్ల మధ్య చిన్న తేడాలు ఉండనే ఉంటాయి. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ఒకే హెడ్‌ఫోనును తీసి మళ్లీ పెట్టుకొన్నప్పుడు అది తలపై ఒక సెంటీమీటరు అటూ ఇటూ జరిగితే, తారస్వరాల బలం స్పష్టంగా మారుతుంది. ఇన్ని ఒడుదొడుకుల నడుమ పొర మెత్తబడిన మార్పును చెవి వేరుచేసి పట్టుకోవడం దుస్సాధ్యం.

తర్కానికి తోచే ప్రశ్న ఇంకొకటి ఉన్నది. పొర సడలడం కేవలం పదార్థ ధర్మమే అయితే, దానివల్ల కొన్ని హెడ్‌ఫోన్లు బాగుపడాలి, కొన్ని చెడాలి. తయారుచేసిన ఇంజనీరు కొత్త పొరను కొలిచి, దానికి తగినట్లే మిగిలిన భాగాలను కూర్చి ఉంటే, పొర మారడం నష్టమే కావాలి. కాని మచ్చిక చేసినవారు ధ్వని మెరుగైనదనే చెబుతారు; చెడిందని చెప్పేవారు చాలా అరుదు. ఎప్పుడూ ఒకే వైపు మొగ్గే త్రాసును చూస్తే, సరుకుకంటె ముందు త్రాసునే అనుమానించాలి.

మెత్తలు అణగిన తరువాత

హెడ్‌ఫోనులో నిజంగా మారే భాగాలు పొరకు బయట ఉన్నాయి. చెవులను కప్పే మెత్తలు మొదట ఉబ్బి, గట్టిగా ఉంటాయి. తల వెచ్చదనానికీ, ఒత్తిడికీ అవి క్రమంగా అణగి ముఖపు వంపులకు ఒదుగుతాయి. తలపట్టీ బిగువు కూడా కొంత సడలుతుంది.

ఇది ధ్వనిని మార్చగలదు. చెవికీ మెత్తకూ నడుమ సన్నని సందు ఉన్నా, మంద్రస్వరాల పీడనం దానిగుండా జారిపోతుంది. కళ్లద్దాల కాడ ఒకటి అడ్డుపడినా చాలును, మృదంగపు ఎడమవైపు గుంకారం పలచబడుతుంది. మెత్త ఒదిగి సందు మూసుకొంటే ఆ గుంకారం తిరిగి వస్తుంది. మెత్త పలచబడిన కొద్దీ పొర చెవికి దగ్గరై, ఇతర స్వరాల బలంలో కూడా మార్పు వస్తుంది. మెర్కాదియే 1891లో రబ్బరు తొడుగుతో సాధించదలచినది సరిగ్గా ఈ అమరికనే.

కాబట్టి వాడకంతో ధ్వని మారిందన్నవారి మాటలో ఒక పాలు భౌతిక సత్యం కలదు. కాని ఆ మార్పు హెడ్‌ఫోనును తలపై పెట్టుకొంటేనే వస్తుంది. సొరుగులో ఉంచి ఇన్నూరు గంటలు హోరు మోగించినా, మెత్తలు ఎవరి తలకూ ఒదగవు.

మెదడు నేర్చుకొనే పాఠం

మిగిలిన పాలు వినేవారిలో జరిగే మార్పు. ఇంద్రియాలు కొత్త పరిస్థితులకు ఎంతగా సర్దుకొంటాయో చూపిన ప్రసిద్ధ ప్రయోగం ఒకటి 1897లో వెలువడింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జార్జి స్ట్రాటన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, లోకాన్ని తలకిందులుగా చూపే కటకాలను కంటికి కట్టుకొని ఎనిమిది దినాలు గడిపాడు. మొదట అడుగు తీసి అడుగు వేయడమే కష్టమైంది. రోజులు గడిచిన కొద్దీ పనులు సులువుగా సాగాయి. కటకాలు మాత్రం మొదటి రోజున ఎట్లా ఉన్నవో చివరి రోజున కూడా అట్లే ఉన్నాయి.

చెవి విషయంలో ఇటువంటి ప్రయోగాన్ని నెదర్లాండ్స్‌లోని శాస్త్రజ్ఞులు చేసి, 1998లో ప్రకటించారు. వెలుపలి చెవి డొప్పలోని మడతలు ధ్వని పైనుంచి వస్తున్నదా, కిందనుంచి వస్తున్నదా అన్నది తెలుసుకోవడానికి సహాయపడతాయి. హోఫ్‌మన్, ఆయన సహచరులు కొందరి చెవి డొప్పలలో చిన్న అచ్చులు అమర్చి ఆ మడతల ఆకారాన్ని మార్చారు. వెంటనే వారికి ధ్వని ఎత్తు పల్లాలు తెలియకుండా పోయాయి. కొన్ని వారాలు ఆ అచ్చులతోనే తిరిగిన తరువాత, కొత్త చెవులతో కూడా ధ్వని దిక్కును చక్కగా గుర్తించగలిగారు. అచ్చులు తీసివేయగానే పాత నేర్పు చెక్కుచెదరక ఉన్నట్లు తేలింది. మెదడు ఒక పాఠాన్ని చెరపకుండానే మరొక పాఠం నేర్చుకొన్నది.

కొత్త హెడ్‌ఫోను ఒకవిధంగా కొత్త చెవి వంటిదే. అది కొన్ని స్వరాలను పైకెత్తుతుంది, కొన్నింటిని అణచుతుంది. మొదటి రోజున ఆ తేడా ఎబ్బెట్టుగా తోస్తుంది. వారం పదిరోజులు వినగా అదే సహజమనిపిస్తుంది. పలుమార్లు ఎదురైన వస్తువుపై కేవలం పరిచయం వల్లనే ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1968లో ప్రయోగపూర్వకంగా చూపాడు. మచ్చిక నిజంగానే జరిగింది. యంత్రానికి కాక, వినేవారి మెదడుకు జరిగింది.

కళ్లు మూసి వినాలి

నమ్మకం కూడా చెవిని నడుపుతుంది. 1994లో అమెరికాలో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ధ్వని శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష ఫలితాలను ప్రకటించారు. తమ సంస్థలోనే పనిచేసే నలుబది మందికి కొన్ని లౌడ్‌స్పీకర్లను ఒకసారి కనబడేట్లు, మరొకసారి తెరచాటున ఉంచి వినిపించి మార్కులు వేయమన్నారు. యంత్రాలు కనబడినప్పుడు పెద్దవీ, ఖరీదైనవీ ఎక్కువ మార్కులు పొందాయి. తెర అడ్డుపడగానే ఆ ఆధిక్యం చాలావరకు తగ్గిపోయింది.

వాయిద్యాల విషయంలోనూ ఇంతే. దీర్ఘకాలం వాయించడం వల్లనే పాత ఇటాలియన్ వయొలిన్లకు సాటిలేని నాదం వచ్చిందన్న మాట తరతరాలుగా ఉన్నది. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో, 21 మంది అనుభవజ్ఞులైన వయొలిన్ విద్వాంసులకు నల్లని అద్దాలు తొడిగి, మూడు పాత వయొలిన్లను, మూడు కొత్తవాటిని ఇచ్చారు. పాతవాటిలో రెండు స్ట్రాడివరి చేసినవి. ఎక్కువమంది మెచ్చినది ఒక కొత్త వయొలిన్‌ను. ఏది పాతదో, ఏది కొత్తదో కూడా వారు నమ్మకంగా చెప్పలేకపోయారు. కళ్లు మూసుకొన్న నాడు అంతటి విద్వాంసులకే తెలియని తేడా, నెలనాటి జ్ఞాపకంతో పోల్చే శ్రోతకు తెలుస్తుందనుకోవడం సబబు కాదు. ధ్వని సూక్ష్మాల జ్ఞాపకం కొన్ని క్షణాలలోనే మసకబారుతుంది.

మచ్చికకు ఖరీదు

ఇది ఎవరి నమ్మకం వారిదని వదిలివేయదగిన విషయమే అనిపించవచ్చు. కాని దీనివల్ల రెండు నష్టాలు ఉన్నాయి. మొదటిది ధననష్టం. రోజుకు రెండు గంటల చొప్పున వినేవారికి ఇన్నూరు గంటలు పూర్తి కావడానికి నూరు దినాలు పడుతుంది. నచ్చని సరుకును తిరిగి ఇచ్చే గడువు అంతకు చాలా ముందే దాటిపోతుంది. ‘ఇంకా మచ్చిక కాలేదు’ అన్న ఒక్క మాటతో, చెవికి సరిపడని హెడ్‌ఫోను కొన్నవారి చేతిలోనే నిలిచిపోతుంది.

రెండవ నష్టం పూడ్చరానిది. ఒకే సంగీతాన్ని ఎక్కువ బిగ్గరగా వింటే మంద్రస్వరాలు మరింత నిండుగా వినబడతాయి. చెవికి గల ఈ గుణాన్ని బెల్ ప్రయోగశాలలలో ఫ్లెచర్, మన్సన్ అనేవారు 1933లోనే కొలిచి చూపారు. కొత్త హెడ్‌ఫోనులోనుంచి మెరుగుదలను ఆశిస్తూ, తెలియకుండానే రోజుకు ఒక మెట్టు ధ్వని పెంచుతూ పోతే, యంత్రం బాగుపడినట్లే తోస్తుంది. బాగుపడినది ఏమీ ఉండదు; చెవిపై బరువు మాత్రం పెరుగుతుంది.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉన్న అవయవంలో, ధ్వనిని నాడీ సంకేతాలుగా మార్చే రోమకణాలు సుమారు 15,000 ఉంటాయి. మనిషిలో ఇవి ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. పెద్దవారికి 80 డెసిబెల్ల ధ్వని వారానికి 40 గంటల వరకు ఫరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2019లో వెలువరించిన ప్రమాణం చెబుతున్నది. ధ్వని మూడేసి డెసిబెల్లు పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగానికి తగ్గాలి. ఆ లెక్కన 90 డెసిబెల్ల వద్ద వారానికి సుమారు నాలుగు గంటలే మిగులుతాయి.

కొత్త హెడ్‌ఫోను కొన్నవారు చేయదగిన పరీక్ష సులభమైనది. బాగా తెలిసిన పాటలు నాలుగు ఎంచుకొని, ఒకే స్థాయి ధ్వనిలో, కొన్ని రోజులపాటు మామూలుగా వినాలి. మెత్తలు చెవి చుట్టూ సందు లేకుండా కూర్చున్నవో లేదో చూసుకోవాలి. వీలైతే పాత హెడ్‌ఫోనును పక్కన ఉంచుకొని, అప్పటికప్పుడు మార్చి పోల్చి చూడాలి. గడువులోగా నచ్చితే ఉంచుకోవచ్చు, నచ్చకపోతే తిరిగి ఇవ్వవచ్చు. మెత్తలు చిరిగితే కొత్తవి కొనవచ్చు. పొర పగిలితే హెడ్‌ఫోనునే మార్చవచ్చు. మార్చడానికి అంగడిలో దొరకనిది చెవి ఒక్కటే.